పలుపుతాడుతో పైకొచ్చిన ఛాంపియన్

అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లే మన పెద్దలు నయాగరా, డిస్నీలాండ్ తప్పక చూసి వస్తారు. కొలరాడో వైపు వెళ్లేవారు ఇంకొక చోటు కూడా చూడవచ్చు. 14,115 అడుగుల పైక్స్ పీక్ పర్వతం దగ్గర కొలరాడో స్ప్రింగ్స్ అనే ఊరుంది. అక్కడ 1979లో ప్రారంభమైన ప్రోరోడియో హాల్ ఆఫ్ ఫేమ్ మ్యూజియం ఉంది. ఎగిరిపడే గుర్రం మీద కూర్చున్న కేసీ టిబ్స్ అనే రౌతు కాంస్య విగ్రహం బయటే కనబడుతుంది. లోపల మనుషులకే కాదు, పేరుమోసిన గుర్రాలకు, ఎద్దులకు కూడా గౌరవస్థానం ఉంది.

రోడియో అంటే పశువుల కాపరుల పనిలోంచి పుట్టిన పోటీ. జబ్బుచేసిన దూడకు మందు వేయాలన్నా, వాత వేయాలన్నా గుర్రం మీంచి ఉచ్చు విసిరి పట్టేవారు. ఆ పనే పందెమైంది. దూడను ముందు వదులుతారు. దానికి ఇవ్వవలసిన దూరం ఇవ్వకుండా గుర్రాన్ని దూకిస్తే 10 సెకన్లు జరిమానా. ఉచ్చు మెడలో పడగానే రౌతు కిందికి దూకి, పరుగెత్తి, దూడను పడవేసి, పళ్ల మధ్య పట్టుకున్న చిన్న తాడుతో మూడు కాళ్లు కట్టేయాలి. అంతసేపూ గుర్రం తనంతట తానే వెనక్కి జరుగుతూ తాడు బిగువుగా ఉంచుతుంది. రౌతు మళ్లీ గుర్రమెక్కి తాడు వదులు చేశాక కట్టు 6 సెకన్లు నిలవాలి. నిలవకపోతే పడ్డ శ్రమంతా వృథా. జల్లికట్టు గురించి మన తమిళనాడులో సాగిన వాదం వంటిదే ఇక్కడా ఉంది. మూగజీవాన్ని హింసించడమని కొందరంటారు. దూడ పడినప్పుడు నా మనసూ చివుక్కుమంది.

ఈ పందెంలో మేటి ఫ్రెడ్ విట్‌ఫీల్డ్. 1967లో టెక్సాస్‌లో పుట్టిన నల్లజాతి బిడ్డ. 1991, 1995, 1996, 1999, 2000, 2002, 2005 సంవత్సరాల్లో దూడపట్టు పందెంలో ప్రపంచ విజేత. 1999లో అన్ని విభాగాల ఉమ్మడి బిరుదు కూడా గెలిచాడు. ఆ బిరుదు పొందిన మొదటి నల్లజాతీయుడు అతనే.

బ్యాంకు ఉద్యోగిని కనుక నాకు అక్కడి లెక్కలు ఆసక్తి కలిగించాయి. ఈ ఆటగాళ్లకు జీతం లేదు, పెన్షన్ లేదు. ప్రవేశ రుసుము తామే కట్టాలి. గుర్రాన్ని ట్రెయిలర్‌లో వేసుకుని ఊరూరా తిరిగే ఖర్చు తమదే. ఓడితే చేతి సొమ్ము పోయినట్టే. ఏడాదిలో గెలిచిన డాలర్లే పాయింట్లు. మొదటి 15 మందికే డిసెంబరులో జరిగే 10 రౌండ్ల ఫైనల్స్‌లో చోటు. మొదటి బిరుదుకు, చివరి బిరుదుకు మధ్య 14 ఏళ్లు ఇలాంటి వ్యాపారంలో నిలిచి, విట్‌ఫీల్డ్ తన జీవితకాలంలో 30 లక్షల డాలర్లకు పైగా సంపాదించాడు.

అయితే జమాఖర్చుల పుస్తకంలోకి ఎక్కని పద్దు ఒకటుంది. ఒకప్పుడు కొన్ని ఊళ్లలో నల్లజాతి రౌతులను జనం వెళ్లిపోయాక గానీ బరిలోకి రానిచ్చేవారు కాదు. ఆ రోజుల్లోనే ఎద్దుల స్వారీ చేసి, 1964లో ఫైనల్స్‌కు అర్హత పొందిన మొదటి నల్లజాతీయుడు మిర్టిస్ డైట్‌మన్. ప్రపంచ బిరుదు మాత్రం ఆయనకు దక్కలేదు. విట్‌ఫీల్డ్ పేరు ఈ మ్యూజియంలో 2004లో చేరింది. అతనికి తోవ వేసిన డైట్‌మన్ పేరు 2016లో గానీ చేరలేదు. అక్కడికి వెళ్లే మన పాఠకులు ఆ రెండు పేర్లూ వెతికి చూడాలని నా మనవి.