కొద్దిపాటి మరమ్మతు

ఢిల్లీకి తూర్పున, గాజియాబాదు జిల్లాలో, ఒక వైశాలి ఉన్నది. లిచ్ఛవులు ఏలిన వైశాలితో దానికి పేరు కలిసిందే తప్ప చుట్టరికం ఏమీ లేదు. అక్కడి ఇళ్లలో ఒకదాని ముందు, వేపచెట్టు నీడను, 1968 నాటి అంబాసిడరు కారొకటి ఏళ్ల తరబడి నిలిచి ఉండేది. పద్దుల శాఖలో పనిచేసి విశ్రాంతి తీసుకొంటున్న ఒక తెలుగు పెద్దమనిషిది ఆ కారు. దానిని అమ్మివేయాలని ఆయన నిశ్చయించుకొన్నాడు.

2011లో మెట్రో రైలు వైశాలి దాకా వచ్చింది. రాజధాని ప్రాంతంలో పదిహేనేళ్లు దాటిన పెట్రోలు బండ్లు తిరగరాదని 2018లో సర్వోన్నత న్యాయస్థానం ఆదేశించింది. అప్పటి నుండి కారు కదలలేదు.

ప్రకటన వ్రాయబోతే కలం ఆగింది. "మంచి స్థితిలో ఉన్నది, కొద్దిపాటి మరమ్మతు అవసరం" అని వ్రాయటం అమ్మేవారి ఆచారం. ఆ 'కొద్దిపాటి' అనే మాట ఎంత బరువునైనా మోయగలదు! ఇంజను అసలుదే. బ్రేకు గొట్టాలు, తీగలు, సీట్ల గుడ్డలు మార్చాలి. 2014 దాకా తయారైన బండి కనుక కశ్మీరీ గేటు బజారులో వెదికితే సామాన్లకు కొదువ ఉండదు. రోగమంతా ఎడమవైపు తలుపుల కింద ఉన్నది. ఈ కారుకు విడిగా చట్రం లేదు. పెట్టెవంటి శరీరమే బరువంతా మోస్తుంది. తలుపుల కింది రేకు అందులో ముఖ్యమైన భాగం. అది తుప్పు తినిపోగా, ఎన్నడో ఒక మేస్త్రీ లప్పం పెట్టి రంగు పూశాడు. పైకి అద్దంలా ఉంటుంది.

మొదట కబాడీవాడు వచ్చి తూకం లెక్కన అడిగాడు. తరువాత వచ్చిన యువకుడు మంచి ధరే చెప్పాడు గాని, పాత ఇంజను తీసి కొత్తది బిగిస్తానన్నాడు. 2021లో వచ్చిన కేంద్ర నియమాల ప్రకారం, ఏభై ఏళ్లు దాటి, చట్రమో, శరీరమో, ఇంజనో మార్పు చెందని బండికే పురాతన వాహనంగా నమోదు దొరుకుతుంది. అందుకు రుసుము 20,000 రూపాయలు. ఆ బండిని నిత్యం వాడుకోరాదు. ప్రదర్శనకో, పాతకార్ల ఊరేగింపుకో తీసుకుపోవచ్చు. ఢిల్లీలో స్టేట్స్‌మన్ పత్రిక అటువంటి ఊరేగింపును 1964లోనే ఆరంభించింది. మరి తుప్పు రేకు కోసి కొత్తది అతికితే అది మరమ్మతా, మార్పా? ఈ ప్రశ్న తార్కికులకు వదలదగినది.

మూడవవాడు మీరట్‌లో ఒక బడిపంతులు. ఇంజనును ముట్టుకోనన్నాడు. కారు చుట్టూ రెండుమార్లు తిరిగి, "భాయీసాహెబ్, ఇంకా చూడవలసినది ఏమైనా ఉన్నదా?" అని అడిగాడు. పెద్దమనిషి లోపలికి వెళ్లి, ఫ్రిజ్ తలుపుకు అంటించిన అయస్కాంతం తెచ్చి ఆయన చేతిలో పెట్టాడు. "మాస్టర్‌జీ, ఎడమ తలుపు కింద పెట్టి చూడండి."

అయస్కాంతం జారి నేల పడింది. పంతులు మోకాళ్లమీద కూర్చుని, టార్చి వేసి, చాలాసేపు చూశాడు. లేచి, మొదట అన్న ధరలో మూడవవంతు తగ్గించాడు. పెద్దమనిషి బేరమాడలేదు.

"ఏమండీ, మీ అంతట మీరే చెప్పాలా?" అన్నది ఇల్లాలు.

"అడిగాడుగా."

ఆదివారం నాడు లారీ వచ్చింది. కారును పైకెక్కిస్తుండగా, ఎడమ తలుపు తెరవవద్దని ఆయన కూలీలను రెండుసార్లు హెచ్చరించాడు.