మందులమ్మని సలహా

హైదరాబాదు రోడ్డు మీద తిరిగేవాళ్లకు గరికపాడంటే చెక్‌పోస్టు. లేదంటే 2024 సెప్టెంబరు వరదల్లో పాలేరు వంతెన దగ్గర రోడ్డు కోసుకుపోయి రాకపోకలు ఆగిన ఊరు. కృష్ణా మెట్ట రైతుకు మాత్రం అక్కడ కృషి విజ్ఞాన కేంద్రం ఉంది. దసరా వెళ్లాక, పత్తి తీతల రోజుల్లో నందిగామలో బస్సెక్కి అక్కడ దిగాను.

వరండాలో ఓ రైతు కవరు విప్పి బల్ల మీద పూలు పోశాడు. రేకులు విచ్చుకోకుండా కొసలు అతుక్కుపోయి ముడుచుకున్నవి. గుడ్డి పూలంటారు. శాస్త్రవేత్త ఒకదాన్ని గోటితో చీల్చారు. లోపల బియ్యపు గింజంత గులాబీ పురుగు.

"మందుల కొట్టులో రెండు మందులు కలిపి కొట్టమన్నారు మేడం."

"బుట్టలు కట్టారా?"

"లేదండి."

ఎకరానికి 4 లింగాకర్షక బుట్టలు కట్టాలి. బుట్టకు రోజుకు 8 రెక్కల పురుగుల చొప్పున వరసగా 3 రోజులు పడినా, నూటికి 10 పూలు గుడ్డివైనా అప్పుడు మందు కొట్టాలి. "ముందు ఈ పూలు ఏరి కాల్చేయండి. ఎల్లుండి లెక్క చెప్పండి, చూద్దాం" అన్నారావిడ. రైతు ముఖంలో అంత సంతృప్తి కనిపించలేదు. మందు పేరు రాయించుకుందామని వచ్చాడు మరి!

ఈ కేంద్రాన్ని నడిపేది ఆచార్య ఎన్.జి.రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం, డబ్బిచ్చేది భారత వ్యవసాయ పరిశోధన మండలి. 1929లో తెల్లవాళ్ల హయాంలో పుట్టిన మండలి అది. తొలి కృషి విజ్ఞాన కేంద్రాన్ని 1974లో పుదుచ్చేరిలో పెట్టారు, ఇప్పుడు దేశంలో 700 పైనే ఉన్నాయి. నాగపూర్ పత్తి సంస్థలోనో, గుంటూరు లాం ఫారంలోనో తేలిన సంగతి మన నల్లరేగడిలో, సాగర్ ఎడమ కాలువ చివరి భూముల్లో నిలుస్తుందా అని రైతు చేలోనే వేసి చూడడం వీళ్ల పని.

2006లో బీటీ-2 పత్తి విత్తనం వచ్చినప్పుడు గులాబీ పురుగు పీడ విరగడైందనుకున్నారు. పురుగు దానికీ అలవాటుపడింది. విత్తనమైనా మందైనా కంపెనీ అమ్ముకోగలదు. "ఆగు, లెక్కపెట్టు" అనే సలహాను ఎవరు కొంటారు? దానికి జీతం జనం పన్నుల్లోంచే రావాలి.

కానీ కొట్టువాడు ఉద్దర ఇస్తాడు, పంట చేతికొచ్చాకే వసూలు చేసుకుంటాడు. కేంద్రం ఉద్దర ఇవ్వదు. పైగా ఒక్కో కేంద్రానికి అధిపతి కాక మంజూరైన నిపుణుల పోస్టులు ఆరే. జిల్లాలోని అన్ని మండలాలకూ ఆరుగురు ఏ మూలకు? కొట్టు ముందు గెలవాలంటే మనుషుల్ని పెంచక తప్పదు.

అందాకా, నందిగామ, జగ్గయ్యపేట పత్తి రైతులు కొట్టుకు పోయేముందు ఓసారి గరికపాడు వెళ్లండి. ఆకు కాదు, మొక్కను వేరుతో సహా పట్టుకెళ్లండి. సంక్రాంతి దాటాక చేలో పత్తి ఉంచకండి. మోడు నిలబడితే వచ్చే పంటకు పురుగును మీరే మేపినట్టు.