ఇరవై ముఖాల పాచిక

సంక్రాంతి సెలవులకి పెదపాడు వస్తూ మా మనవరాలు హైదరాబాదు నుంచి గుప్పెడు పాచికలు తెచ్చింది. వైకుంఠపాళీ గవ్వలూ, అష్టాచెమ్మా చింతపిక్కలూ ఎరుగుదునుగాని, ఇరవై ముఖాల పాచికని నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు!

"ఇదేం ఆటే?" అన్నాను. ఒకళ్లు కథ నడుపుతారట. తక్కినవాళ్లు అందులో వీరులో, మంత్రగాళ్లో అయిపోయి "నేనిప్పుడు ఇలా చేస్తాను" అంటారట. చేసింది ఫలించిందో లేదో పాచిక చెబుతుందట. 1974లో అమెరికాలో వచ్చిన 'డంజియన్స్ అండ్ డ్రాగన్స్' ఇలాంటి ఆటలకి పెద్దక్కట.

ఆరోజు కథంతా మంచుకొండ మీది కోటలో. ఆడేవాళ్లలో ఒక్కరూ మంచు చూసిన పాపాన పోలేదు! పకోడీల పళ్లెం అక్కడ పెట్టి ఊరుకోవచ్చా? నోరూరుకోక, "కోటే కావాలంటే మన కొల్లేటి నడుమ లేదుటర్రా?" అన్నాను.

ఇక వదిలితేనా! కొల్లేటికోట లంకలో గజపతుల కోట, చుట్టూ సరస్సే అగడ్త. శత్రువు ఒడ్డున చిగురుకోట దగ్గర దండు దిగి, నీళ్లన్నీ సముద్రంలోకి పోయేలా ఉప్పుటేరు దారిన కాలవ తవ్వించబోయాడట. దేవతల దయకోసం కోటలోని సేనాని కన్నకూతుర్నే బలిచ్చాడట. ఆ పిల్ల పేరు పేరంటాలు. అందుకే ఆ కాలవ పేరంటాల కనమ అయిందని చెప్పుకుంటారు. శాసనం కాదు సుమండీ, జనం నోటి కథ.

పిల్లలు కాయితం మీద తమ్మిలేరునీ, బుడమేరునీ తెచ్చి కొల్లేట్లో కలిపారు. తాటిదోనెలు యుద్ధనౌకలయ్యాయి, గూడబాతులు వేగులయ్యాయి. 1999లో కొల్లేటిని అభయారణ్యం చేశారు గనక పక్షుల్ని చంపరాదని షరతొకటి!

"నేను పేరంటాల్ని" అంది మనవరాలు.

"వద్దు, అది చచ్చిపోతుంది" అన్నాడు కథ నడిపే పక్కింటి కుర్రాడు.

"పాచిక వెయ్యకుండానే ఎలా చచ్చిపోతుందిరా?"

నాకు గుండెల్లో కలుక్కుమంది. మా అమ్మ దగ్గర విన్నాను, నా కూతురికి చెప్పాను. ఆ తండ్రి త్యాగానికి అందరం నిట్టూర్చినవాళ్లమేగాని, ఆ పిల్ల ఏమందని ఒక్కనాడూ అడగలేదు. పసుపుకుంకాలకి పిలిచే ముత్తైదువా పేరంటాలే, పోయాక దేవతని చేసి కొలిచే ఆడదీ పేరంటాలే. మధ్యలో ఆవిడ మాట వినే తీరికే మనకి లేకపోయింది.

అయినా చాదస్తం పోదుగా! "దేవతల కథలు మార్చకూడదే, కళ్లు పోతాయి" అన్నాను.

"మార్చట్లేదు అమ్మమ్మా, అడుగుతున్నా" అని, "రాత్రికి దోనె వేసుకెళ్లి కాలవ పూడ్చేస్తాను" అంటూ పాచిక విసిరింది.

నాలుగు పడింది. దోనె తిరగబడిందన్నాడు కుర్రాడు.

"లంకలో పుట్టిన పిల్లకి ఈత రాదా అమ్మమ్మా?" అని నావైపు తిరిగింది.

"రాకేం! బ్రహ్మాండంగా వచ్చు" అన్నాను, కళ్ల సంగతి మరిచిపోయి.

ఇంకోసారి వెయ్యమన్నాడు. లోపల పాలు పొంగుతున్న వాసన వస్తూనే ఉంది. నేను లేస్తేనా! ఆ సాయంత్రం మావారికి కాఫీ లేదు.