గోడ మీద గోలీల లెక్క

వదినా, ఉన్నవా? గోడ మీద గోంగూర కట్ట పెట్టిన, తీస్కో. రాత్రి మీ చిన్నోని ఏడుపు మా అర్ర దాకా వినవడ్డది. లెక్కల కాడనే గదా? మరాఠీ బడిల నాలుగో తరగతిల శాబ్దిక ఉదాహరణలు, అంటే మాటలల్ల ఇచ్చే లెక్కలు, మొదలైనయంటే మన ఉప్పర్వాహిల ఏ ఇంట్ల చూసినా రాత్రి ఎనిమిదింటికి అదే లొల్లి. మనం చదువుకునేటప్పుడు రాత లెక్కలు అనేటోళ్లం, పేరు మారినా ఏడుపు మారలే.

వాన్ని కొట్టకు వదినా. వానికి లెక్క వస్తది. వస్తదని నేను కండ్లార చూసిన.

మొన్న ఐతారం అన్న ఇక్కడ్నే నిలవడి సిమెంటు లోడింగ్ ముచ్చట చెప్తున్నడు, యాదికుందా? పదహారు టన్నుల లారీ అన్నడో లేదో, మీవాడు నడుమ దూరి, "టన్నుకు ఇరవై బస్తాలు, పదహారు ఇరవైలు మూడు వందల ఇరవై" అన్నడు. చేతిల పెన్సిల్ లేదు, కాయితం లేదు. నిన్న నా కాడికి ట్యూషన్‌కు నోట్‌బుక్కు పట్టుకొచ్చిండు. అండ్ల 16,000 కిలోల సిమెంటు, ఒక్కో బస్తాల 50 కిలోలు, ఎన్ని బస్తాలని ఉన్నది. అదే లారీ, అదే సిమెంటు. మీవాడు ఏం రాసిండో తెలుసా? 16,050.

కూడిండు వదినా! ఎందుకు కూడినవు బిడ్డా అంటే, "ప్రశ్నల 'ఏకూణ్ కితీ పోతీ' అని ఉన్నది గదా ఆంటీ, ఏకూణ్ అంటే కూడుడే" అన్నడు. మరాఠీల మొత్తం ఎన్ని బస్తాలని అడిగిన మాట అది. వాడు బస్తాలను చూడలే, ఒక్క ఆ మాటనే చూసిండు.

పిల్లలకు ఎవరో ఒకరు ఈ చిట్కా చెప్తరు. ఏకూణ్ ఉంటే కూడు, ఉరలే (మిగిలినయి) ఉంటే తీసెయ్యి, ప్రత్యేకీ (ఒక్కొక్కటి) ఉంటే భాగించు. నేను గూడ మొదట్ల అట్లనే చెప్పిన, తప్పు చేసిన. తొందరగ మార్కులు వస్తయి, నిజమే. కానీ ఈ లెక్క చూడు: రాజు కాడ 28 గోలీలున్నయి. సీత కాడ ఉన్నవాటికంటే అవి 6 ఎక్కువ. సీత కాడ ఎన్ని? "ఎక్కువ" కనవడంగనే మీవాడు 34 అన్నడు. నేను ఈ గోడ మీదనే సుద్దముక్కతోని రెండు గీతలు గీసిన, పొడుగుది రాజుది, పొట్టిది సీతది. వాడు గీతల దిక్కు చూసుకుంట కొంచెంసేపు నిలవడ్డడు. తర్వాత చిన్నగ, "సీతవి తక్కువ గదా ఆంటీ... 22" అన్నడు. ఆ గీతలు ఇంకా ఉన్నయి చూడు, నేను చెరపలే.

మన పిల్లలే అట్లనుకోకు. ఫ్రాన్స్ దేశంల గ్రెనోబుల్ అనే ఊరున్నది. అక్కడ 1980 ఆ చుట్టుపక్కల లెక్కల పరిశోధకులు చిన్న తరగతుల పిల్లలను ఒక ప్రశ్న అడిగిండ్రు. ఓడల 26 గొర్రెలు, 10 మేకలున్నయి, కెప్టెన్ వయసెంత? అడిగింది 97 మందిని. అండ్ల 76 మంది ఆ రెండు అంకెలనే కలిపో తీసో ఏదో ఒక వయసు రాసిండ్రు. గొర్రెలకూ కెప్టెన్‌కూ ఏం సంబంధమని ఆగలే. బడిల ఇచ్చిన లెక్కకు జవాబు ఉండి తీరాలని పిల్లలు నమ్ముతరు. అది తలుసుకుంటే నాకు మనసు చివుక్కుమంటది.

మనోళ్లకు ఇంకో చిక్కున్నది. వాడు ఇంట్ల నలభై ఏడు అంటడు. నాలుగు ముందు, ఏడు తర్వాత, రాసేది గూడ అట్లనే. బడిల టీచర్ సత్తేచాళీస్ అంటది, అండ్ల సాత్, అంటే ఏడు, ముందొస్తది. వినవడ్డ తీరుగనే రాస్తే 74 అయితది. తెలివి తక్కువై కాదు వదినా, చెవి అట్ల చెప్తది. 29ని ఏకోణ్‌తీస్ అంటరు, ముప్ఫైకి ఒకటి తక్కువ అని. వినేటోనికి ఏకోణ్ ఏందో, ఏకూణ్ ఏందో!

ఇది మన ఒక్కరి బాధ గాదు, మరాఠీ పిల్లలకు గూడ ఉన్నది. 2019ల మహారాష్ట్ర బడి పుస్తకాలు అచ్చేసే బాల్‌భారతి రెండో తరగతి లెక్కల పుస్తకంల సత్తావన్నతో పాటు పన్నాస్ సాత్ అని గూడ చదివించుమన్నరు. మన యాభై ఏడు లెక్కనే అన్నట్టు. మహారాష్ట్ర అంతా లొల్లయింది, అసెంబ్లీల గూడ మాట్లాడిండ్రు, భాష పాడయితదని కోపం చేసిండ్రు. ఆ పుస్తకం తయారుచేసిన లెక్కల కమిటీకి పెద్దగ ఉన్న మంగళా నార్లీకర్ మాత్రం చిన్న పిల్లలకు సులువైతదని నిలవడి చెప్పింది. ఆమె 2023ల పోయింది. ఆమె మాట నాకు సబబనిపిస్తది. సత్తావన్న అనుడు పెద్దగైనంక ఎట్లైనా వస్తది, అంకె మీద భయం మొదలైతే అది ఊకెనే పోదు.

మన దిక్కు రెండు భాషలు కొత్త గాదు గదా. ఇప్పుడు మహారాష్ట్రల ఉన్న రాజురా తాలూకా 1956 దాకా ఆదిలాబాద్ జిల్లలనే ఉండె. ఇక్కడి ముసలోళ్లు పత్తి బేరం ఒక భాషల మొదలువెట్టి ఇంకో భాషల ముగిస్తరు, లెక్క తప్పదు. ఎందుకంటే వాళ్ల ముంగట పత్తి ఉంటది. లెక్కను కథ తీరుగ చెప్పుడు గూడ మనకు శానా పాతది. పదకొండో శతాబ్దంల పావులూరి మల్లన సంస్కృతంల ఉన్న మహావీరాచార్యుని గణితాన్ని తెలుగు పద్యాలల్ల చెప్పిండు.

అందుకే ఒకటి చెప్త, విను. రాత్రి పుస్తకం తెరవంగనే "కూడాల్నా, తీసెయ్యాల్నా" అని అడగకు. "ఏమైందిరా, చెప్పు" అని అడుగు. ఎవల కాడ ఏమున్నది, ఎవలు ఎవలికి ఇచ్చిండ్రు, ఇప్పుడు ఏం తెల్వాలె, మొత్తం తెలుగులనే చెప్పనియ్యి, అంకెలు లేకుంట. కథ సరిగ చెప్పిండంటే సగం అయిపోయినట్టే. తర్వాత ఒక బొమ్మ గీయమను. మరాఠీ మాటలు ఆఖర్ల. జవాబు వచ్చినంక గూడ ఒక్కటడుగు: "లారీల 16,050 బస్తాలు పడ్తయారా?" వాడే నవ్వుతడు, వాడే చెరిపేస్తడు.

టైం పడ్తది, అవును. రోజుకు రెండే లెక్కలైతయి. కానియ్యి.

ఇయ్యాల పొద్దుగూకినంక పంపియ్యి. పుస్తకం వద్దు, గోలీల సంచి తెచ్చుకొమ్మను.