నాయనమ్మ నొప్పి లెక్క

మా నాయనమ్మ గురజాల ప్రాంతమునందే పుట్టి, అచ్చటనే మెట్టినది. చిరకాలము మిరపచేలలో కూలికి పోయి, కాయలు కోసిన చేతుల మంటను చన్నీళ్ళలో చల్లార్చుకొనినదే గాని యెన్నడును మూలిగి యెరుగదు. కారెంపూడి వీరుల తిరునాళ్ళలో కథలు వినుచు పెరిగిన ఆమెకు మూలుగుట నామోషీ.

అట్టి యామె నిరుడు వానకాలమున వాకిట జారిపడి తుంటియెముక విరుగగొట్టుకొనెను. శస్త్రచికిత్స యైన రాత్రి వైద్యశాలలో తోడుండు పని నాకు పడినది. నర్సమ్మగారు వచ్చి, "మామ్మగారూ, సున్న మొదలు పదివరకు లెక్కలో మీ నొప్పి యెంత?" అని యడిగిరి. నాయనమ్మ నావంక చూచెను. ఆమె బడి ముఖ మెరుగదు. సంతలో బేరము నోటిలెక్కతో తేల్చగలదు గాని, నొప్పికి అంకె యెట్లు వేయుదురో ఆమెకు తోచలేదు. నేను చదువుకొన్నవాడను గదా! ఆమె కదలక పరుండియుండుట చూచి, "మూడు" అని చెప్పితిని. వారు మూడని వ్రాసికొని పోయిరి. ఆ మూడునకు తగిన మందే వచ్చినది.

తెల్లవారుజామున మెలకువ వచ్చి చూచితిని. నాయనమ్మ దుప్పటికొంగు పండ్లతో కరచి పట్టుకొని, కన్నులు తెరచియే యున్నది.

"నిద్ర రాలేదా నాయనమ్మా?"

"ఫరవాలేదులే నాయనా, నీవు పడుకో."

కొంగు తడిసియున్నది. ఏల తోచినదో గాని, "రూపాయిలో ఎంత నొప్పి?" అని యడిగితిని. "పదునాలుగణాలుండును నాయనా. సలుపు గాదు, పోటు. కదిలిన ప్రాణము పోవుచున్నది" అని తడుముకొనక చెప్పెను. అణాలు ఎప్పుడో పోయినవి. పావలా నాణెము సయితము 2011లో చెలామణి తప్పినది. ఆమె కొలత మాత్రము చెడలేదు. పదింట లెక్కకట్టిన నది తొమ్మిదికి దగ్గర. పరుగెత్తి నర్సమ్మగారిని పిలుచుకొని వచ్చితిని. మందు మార్చిరి. పొద్దెక్కునప్పటికి నొప్పి యయిదణాలకు దిగినది; నాయనమ్మ కాఫీ యడిగినది.

తరువాత చదివి తెలిసికొంటిని: కెనడా దేశములో మెల్జాక్ అను శాస్త్రజ్ఞుడు రోగులు నొప్పిని వర్ణించు మాటలు 78 చేర్చి, 20 గుంపులుగా విభజించి, 1975లో ఒక ప్రశ్నావళి ప్రకటించెను. నొప్పి యెంత యనుటయే గాక యెట్టిది యనుటయు వైద్యునకు కావలెను గదా. మంట యని చెప్పిన నొప్పి నరములదై యుండవచ్చును. పోటు, సలుపు, తీపు, గుంజు: మన పల్లెలలో నిట్టి మాటలకు కొదువ లేదు. అడుగువారే కావలెను. అంకెలు రాని పిల్లలకై అమెరికాలో వాంగ్, బేకర్ అను ఇరువురు స్త్రీలు నవ్వుముఖము మొదలు ఏడ్పుముఖము వరకు ఆరు బొమ్మలు ఏర్పరచిరి.

ఆ బొమ్మలను నేను నోటుపుస్తకపు కాగితముపై గీసికొని మరునాడు తీసికొనిపోతిని. ప్రక్కమంచమున పక్షవాతముతో మాట పడిపోయిన తాత యొకడుండెను. "మా నాయనకు నొప్పేమియు లేదు" అని యాతని కొడుకు అందరితో చెప్పుచుండెను. నర్సమ్మగారు కాగితము తాతయెదుట పట్టిరి. అతడు చాలసేపు చూచి, ఎడమచేతి వ్రేలు అయిదవ ముఖముపై నుంచెను. పిమ్మట నా వ్రేలితోనే తన భుజము చూపెను.