పట్టా ఉన్నా... భూమి దక్కలేదు!

కాలిఫోర్నియాలోని ఓక్లండ్‌లో ఫ్రూట్‌వేల్ అనే పేట. స్పానిష్ బోర్డులు, టాకో బండ్లు దాటుకుని 34వ అవెన్యూకి వెళితే ఆరెకరాల పార్కు, అందులో పాతకాలపు చెక్క ఇల్లు కనిపిస్తాయి. అదే పెరాల్టా హసియెండా. వచ్చినవాళ్లంతా ముందు ఆ ఇంట్లోకే వెళతారు. చూడాల్సింది మాత్రం బయట, నేలమీద ఉంది. 1821లో ఒకటి, 1840లో మరొకటి కట్టిన మట్టి ఇళ్ల ఆనవాళ్లవి. గోడలు లేవు, ఎక్కడ ఉండేవో గుర్తులే మిగిలాయి. మట్టిలో గడ్డి కలిపి ఎండబెట్టిన పచ్చి ఇటుకలతో కట్టిన ఇళ్లు. మన పల్లెల్లో మట్టిమిద్దెలు చూసినవారికి కొత్తేం కాదు!

లూయిస్ మరియా పెరాల్టా 1776లో కుర్రాడిగా ఇక్కడికి వచ్చి, స్పెయిన్ సైన్యంలో దాదాపు నలభై ఏళ్లు పనిచేశాడు. అందుకు ప్రతిఫలంగా 1820లో గవర్నరు ఇచ్చిన భూమి ఎంతో తెలుసా? 44,800 ఎకరాలు! నేటి ఓక్లండ్, బర్క్‌లీ, అలమీడా అన్నీ అందులోవే. నిజానికి అది ఓలోనీ ఆదివాసుల నేల. ఆ గడ్డమీదే వాళ్లు కూలీలయ్యారు. లూయిస్ మాత్రం ఇక్కడ కాపురమే పెట్టలేదు. ఇప్పుడు తెలుగువాళ్లు ఎక్కువగా ఉంటున్న శాన్‌హోసేలోనే ఉండిపోయాడు. పశువుల మందలు, తోళ్ల వ్యాపారం కొడుకులు చూసుకునేవారు. 1842లో భూమిని నలుగురికీ పంచాడు. ఫ్రూట్‌వేల్ ఆంటోనియో వాటా.

1848లో బంగారం బయటపడింది. కాలిఫోర్నియా అమెరికా చేతికొచ్చిందీ ఆ ఏడాదే. జనం వెల్లువెత్తారు. ఖాళీ కనిపిస్తే కబ్జా! పశువుల్ని కోసుకు తిన్నారు. తమ్ముడు విసెంటే భూమిలో దిగిన ముగ్గురు ప్లాట్లు వేసి అమ్మేశారు. 1852లో ఓక్లండ్ పట్టణం వెలిసింది అక్కడే. పైగా హక్కు నిరూపించుకునే బాధ్యత యజమానులదేనంటూ 1851లో చట్టం. పెరాల్టాలు సుప్రీంకోర్టుదాకా వెళ్లి గెలిచారు. కానీ ఫీజులకీ పన్నులకీ భూమి ముక్కలుగా కరిగిపోయింది. అలమీడా మొత్తాన్నీ ఆంటోనియో 14 వేల డాలర్లకే వదులుకున్నాడు.

1868 భూకంపం మట్టి ఇళ్లనూ దెబ్బతీసింది. 1870లో ఆంటోనియో కట్టుకున్నదే ఇప్పుడు మ్యూజియంగా ఉన్న చెక్క ఇల్లు. 1879లో అతను కన్నుమూశాడు. ఇంటి పక్కన వాగుకి ఇప్పటికీ పెరాల్టా పేరే. మ్యూజియం వేళలు ముందే కనుక్కుని బయల్దేరడం మంచిది.