నొప్పి లేదని వదిలేసే గడ్డలు

నర్సీపట్నం నుంచి జీడిమామిడి తోటల మధ్యగా కొయ్యూరు చేరేసరికి పశువుల ఆసుపత్రి ముందు కుక్కలు బారులు తీరి ఉన్నాయి. ఆ రోజు జూలై 6. 1885లో అదే రోజున శాస్త్రవేత్త పాశ్చర్ ఒక పిల్లవాడికి తొలి రేబిస్ టీకా వేయించాడు. అందుకే ఏటా ఆ రోజు పశువైద్యశాలల్లో కుక్కలకు ఉచితంగా టీకాలు వేస్తారు.

నేను వెళ్లింది టీకాల కోసమే. కానీ డాక్టరు గారు సూది వేసేముందు ప్రతి కుక్కనూ మెడ నుంచి తోక దాకా చేతులతో తడిమి చూస్తున్నారు. నా కళ్లు అక్కడే నిలిచిపోయాయి.

ఒక కుక్క చెవిలో బూడిదరంగు బుడిపె. పులిపిరి అనుకున్నారు ఇంటివాళ్లు. అది నెత్తురు తాగి ఉబ్బిన పిడుదు. పట్టకారుతో చర్మం దగ్గర పట్టి, నిదానంగా లాగేశారు. మరో కుక్కపిల్ల పెదవుల మీద నిజంగానే పులిపిరులు. వైరస్ వల్ల వచ్చేవి, కొన్ని నెలల్లో వాటంతటవే రాలిపోతాయి. గుర్రపు వెంట్రుక కట్టొద్దు, సున్నం పెట్టొద్దు అన్నారు.

ఒక ముసలి కుక్క పక్కటెముకల మీద మెత్తటి గడ్డ, వేళ్ల కింద జారుతోంది. సన్నటి సూది గుచ్చి, వచ్చిన చుక్కను గాజుపలక మీద పరిచారు. జిడ్డుగా మెరిసింది. కొవ్వుగడ్డే కావచ్చు. అయినా మైక్రోస్కోపులో చూడందే తేల్చనన్నారు. మాస్ట్ సెల్ అనే క్యాన్సరు కూడా చేతికి ఇలాగే మెత్తగా తగలొచ్చట.

తర్వాత వచ్చిన ఆడకుక్క పొదుగు దగ్గర రెండు గట్టి గడ్డలు.

“నొప్పెట్టదు కదా బాబూ, తిండి బాగానే తింటంది,” అన్నాడు తెచ్చిన పెద్దాయన.

“నొప్పి లేదనే అందరూ ఆలస్యం చేస్తారు తాతా,” అన్నారు డాక్టరు.

ఆడకుక్కల రొమ్ము గడ్డల్లో సుమారు సగం క్యాన్సరే. మొదటి ఎదకు ముందే కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయిస్తే ఆ ముప్పు దాదాపు ఉండదు. పెద్దాసుపత్రికి చీటీ రాసిచ్చారు.

ఊరకుక్కల్లో తరచుగా కనిపించేది మరొకటి: మర్మాంగం దగ్గర ఎర్రగా పెరిగి, ముట్టుకుంటే నెత్తురు కారే కండ. సంపర్కంలో క్యాన్సరు కణాలే ఒక కుక్క నుంచి మరోదానికి అంటుకుని పెరిగే వింత జబ్బు ఇది. వారానికొకసారి చొప్పున కొన్ని వారాలు విన్‌క్రిస్టిన్ ఇంజెక్షన్ ఇస్తే చాలా కుక్కలకు పూర్తిగా నయమవుతుంది. మన పెరట్లో పూసే బిళ్లగన్నేరు నుంచి తీసిన మందే అది. అలాగని ఆకు నూరి పెడితే పనిచేయదు. మందు నరంలోకే వెళ్లాలి, బయటికి చిందితే కండ కుళ్లిపోతుంది. అందుకే డాక్టరు చేతి మీదుగానే జరగాలి.

నెలకోసారి మీ కుక్కను ఒళ్లంతా తడమండి. నోరు, చంకలు, రొమ్ములు, తోక కింద మరచిపోకండి. గడ్డ బఠాణీ గింజంత ఉండి నెల దాటినా తగ్గకపోతే డాక్టరుకు చూపించండి. వేగంగా పెరిగినా, రంగు మారినా, పుండుపడినా, నెత్తురు కారినా నెల దాకా ఆగొద్దు, వెంటనే వెళ్లండి. వాత పెట్టొద్దు, కోయొద్దు, కిరోసిన్ పోయొద్దు. చిన్నగా ఉన్నప్పుడు చూపిస్తే చాలా గడ్డలు కుక్క ప్రాణం మీదికి రావు.